ఎల్లాజీ వంతు

పదీ నలభై. ఎల్లాజీని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళి ఇరవై నిమిషాలైంది. గంట పడుతుందన్నారు, గంటన్నరైనా కంగారు పడొద్దన్నారు. కంగారు పడడానికి నేనెవరిని, ఆ మనిషికి అక్కనా, చెల్లినా, ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని, అందరి సెలవు కాగితాలూ నా బల్ల మీదుగా వెళ్తాయి, అంతవరకే మాకు చుట్టరికం. అయినా పొద్దున్నే కూర్మన్నపాలెంలో బస్సెక్కి, ఆఫీసు దగ్గర దిగకుండా ఆసుపత్రి దాకా వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాను. ఈ బెంచీకి ఒక కాలు పొట్టి. నేను కదిలితే పక్కనున్న కాసులమ్మ ఊగుతోంది, ఆవిడ కదిలితే నేను ఊగుతున్నాను. కాసులమ్మ ఎల్లాజీ తల్లి. డెబ్భై దగ్గరపడుతున్నా పూర్ణా మార్కెట్ దగ్గర ఇంకా చేపలమ్ముతోంది, తట్ట మోసి మోసి మెడ నిటారుగా నిలబడిపోయింది. కోడలు పిల్లల్ని బడిలో దింపి వస్తుందట, అందాకా మేమిద్దరమే. నేను రాగానే కాసులమ్మ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. పేపరు చుట్టి, పైన రెండు కవర్లు వేసి, ఎండు నెత్తళ్ళ చేపలు. ఆ వాసనని రెండు కవర్లూ ఆపలేదు, ఆసుపత్రి డెట్టాలూ ఆపలేదు.

"నీ కడుపు సల్లగుండ తల్లీ. నువ్వే కదా మావోడికి సెలవిప్పించినావు. ఆడు సెప్పినాడు, మేడమ్ ఒక్క పూటలో తెచ్చీసినారమ్మా అని."

ఒక్క పూటలో. ఆ మాట అబద్ధం కాదు. సరిగ్గా లెక్కేస్తే పూట కూడా కాదు, నలభై నిమిషాలు. ఆ రోజు ఫైలు నేనే చేత్తో పట్టుకుని, ప్యూనుకివ్వకుండా, మెట్లెక్కి ఆఫీసరు గదిలోకి వెళ్ళి, ఆయన ఫోను మాట్లాడుతుంటే ఎదురుగా నిలబడి, సంతకం పెట్టించి, నంబరు వేయించి కిందకి తెచ్చాను. నలభై నిమిషాలు. దానికి ముందు ఏడు నెలలు. ఆ ఏడు నెలల సంగతి ఎల్లాజీ తల్లికి చెప్పలేదు. కాస్త తిట్టుకునైనా చెప్పి ఉండాల్సింది, అలా చెప్పి ఉంటే ఈ పొట్లం నా ఒళ్ళో ఉండేది కాదు, ఇంత బరువూ ఉండేది కాదు. పావుకిలో కూడా ఉండదు. రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి తడిమి, ఎంత సల్లగున్నాయో సేతులు, అని తన చీర కొంగు నా మీద కప్పబోయింది, వద్దమ్మా ఏసీ అంతే అన్నాను. ఇక్కడ ఏసీ లేదు. పైన తిరిగేది ఫ్యాను.

నన్ను ఆఫీసులో తిరుగుటపా అంటారు. నా ఎదురుగా అనరు గానీ నాకు తెలుసు, వినబడేంత గట్టిగానే అంటారు. వెళ్ళిన కాగితం వెళ్ళినట్టే వెనక్కొస్తుందని. తేదీ లేదనీ, జతపరిచినవి అని రాసి జతపరచలేదనీ, సంతకం గీత దాటి ఉందనీ, ఏదో ఒక కొర్రీ వేయకుండా నా బల్ల దాటి కాగితం పోలేదు ముప్ఫై ఏళ్ళలో. అందుకు నాకు గర్వంగానే ఉండేది, ఇప్పుడు దాచుకోవడమెందుకు. మా ఆయన వెంకటేష్ స్టీలు ప్లాంటులో రిటైరై, ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెం ఫ్లాటుకి మారినప్పుడు, సామాను లిస్టు రాసి నా చేతికిచ్చి, ఏటే, దీనికి కూడా కొర్రీ వేసీ, లారీవోడు ఎదురుసూత్తన్నాడు అన్నాడు. వేశాను. రోలు రాయలేదు ఆయన. నవ్వుకున్నాం ఆ రోజు చాలాసేపు. అలాంటిదే అనుకున్నాను కొర్రీ అంటే, ఇల్లు సర్దుకోవడం లాంటిదని, ఎవరికీ దెబ్బ తగలదని.

లోపల ఏం చేస్తున్నారో. నడుముకి మత్తిస్తారట, మనిషికి మెలకువ ఉంటుందట, కాలు మాత్రం తనది కానట్టు పడుంటుందట. ఎల్లాజీ మెలకువగా పడుకుని పైకి చూస్తూ ఉంటాడు, చేతులు రెండూ పక్కకి పెట్టుకుని, అటెన్షన్‌లో నిలబడ్డట్టే పడుకుంటాడు, నాకు కనబడుతోంది. మొదటి రోజు కూడా అలాగే ఉన్నాడు. పోయిన అక్టోబరులో, తొమ్మిదిన్నరకే, తాళం తియ్యని ఆఫీసు తలుపు ముందు. మాజీ సైనికుల కోటాలో రికార్డు అసిస్టెంటు. పదిహేడేళ్ళు చేసి వచ్చాడని ఫైల్లో చదివాను. ఇక్కడ యుద్ధమేం లేదయ్యా, పదిన్నరకి రా చాలు అన్నాను. రైట్ మేడమ్ అన్నాడు. మర్నాడు మళ్ళీ తొమ్మిదిన్నరకి ఉన్నాడు. నడుస్తుంటే కుడి మోకాలు వంగేది కాదు, కాలంతా ఒక్క కర్రలాగ వచ్చేది. కొండల్లో లారీ జారి, మోకాలు దాని కిందకి వెళ్ళి, లోపల ప్లేటు బిగించారట. ఆ ప్లేటు తీసి, బిగుసుకున్న కీలు వదులు చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ బిగుస్తుంది అని ఇక్కడి డాక్టరు రాసిచ్చిన కాగితం కూడా నేనే చదివాను. చదివాను. అదే కదా నా ఉద్యోగం.

మా శాఖలో ఒక సర్క్యులర్ ఉంది. సైన్యం నుంచి వచ్చి మా దగ్గర చేరినవాళ్ళు, అక్కడ తగిలిన దెబ్బకి వైద్యం చేయించుకోవడానికి జీతంతో సెలవు తీసుకోవచ్చు, కానీ చేరిన మొదటి ఏడాదిలోపే, ఏడాది దాటితే ఆ సెలవు పోతుంది. పదేళ్ళలో ఎవరూ అడగలేదు. ఎల్లాజీ చదివాడు. నోటీసు బోర్డు మొత్తం, కిందున్న పాత కాగితాలతో సహా నిలబడి చదివే మనిషి మా ఆఫీసులో అతనొక్కడే. ఫిబ్రవరిలో అర్జీ తెచ్చాడు. తెల్లకాగితం మీద గీతలు కొట్టుకుని, అక్షరం పక్కన అక్షరం నిలబెట్టి రాశాడు. అప్పుడొక మాట కూడా అన్నాడు, నాకు ఆ మాట ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు, వారం రోజులుగా పోవడం లేదు. "జూన్‌లో వేట నిషేధం అయిపోద్ది మేడమ్. పదిహేనుకి బోట్లు దిగుతాయి. ఆపాటికి కాలు ఒంగితే మా అన్నయ్యతో ఎల్తాను. పంతొమ్మిదేళ్ళప్పుడు ఒదిలీసినాను సముద్రం." ఆ రోజు నేను ఏదో ఫైలు వెతుకుతున్నాను. అన్నీ అవుతాయిలే, ముందు కాగితాలు సరిగ్గా పెట్టు, అన్నాను.

కాగితాలు సరిగ్గానే పెట్టాడు, ఒక్కటి తప్ప. సైన్యం వాళ్ళిచ్చిన డిశ్చార్జి బుక్కులో దెబ్బ సంగతి రాసిన పేజీ నకలు లేదు. ఎర్రపెన్ను తీసి మార్జిన్లో రాశాను, సదరు పేజీ నకలు జతపరచలేదు, తిప్పి పంపడమైనది, అని. కింద పొట్టి సంతకం. జిరాక్సు షాపు మా ఆఫీసు మెట్ల కిందే, టీకొట్టు పక్కన. రెండు నిమిషాల పని. ఇంకెవరైనా అయితే అప్పటికప్పుడు కిందకి పరిగెత్తి, తెచ్చి నా మొహాన కొట్టి, మేడమ్ మీరు మారరు అనేవాళ్ళు. మా సెక్షన్‌లో నీలిమ అయితే నా బల్ల మీద కూర్చుని, సంతకం పెడితే గానీ లేవనంటుంది. ఎల్లాజీ ఆ ఎర్రక్షరాలు నిలబడి చదివాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రైట్ మేడమ్ అన్నాడు. వెళ్ళిపోయాడు. నేను రెండో ఫైలు తీశాను. మధ్యాహ్నమో రేపో తెస్తాడనుకున్నాను. ఆ తరవాత అనుకోవడం కూడా మానేశాను.

"ఆడికి నోరు నేదమ్మా," అంటోంది కాసులమ్మ, నేనేమీ అడగకుండానే, తలుపు వైపు చూస్తూ. "మిలట్రీలో ఉన్న పదిహేడేళ్ళూ ఒక్క పండక్కీ రానేదు. ఏటిరా అంటే, పెళ్ళాం పిల్లలున్నోల్లు ముందెల్లాలమ్మా, నా వంతు తరవాత అనీవోడు. తీరా ఆడికి పెళ్ళయ్యాక, కొత్తగా పెళ్ళైనోల్లు ముందెల్లాలమ్మా అన్నాడు." నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, సగంలో ఆగిపోయింది. వంతు అనే మాట నా దగ్గర కూడా అన్నాడు, అదే మాట.

నాకెవరూ నేర్పలేదని అనడానికి లేదు, అదే బాధ. నాకు నేర్పారు. నీలకంఠం గారు నేర్పారు. నేను చేరిన మొదటి ఏడాది, బాబుకి జ్వరమని సెలవు చీటీ పెడితే ఎర్రసిరాతో వెనక్కొచ్చింది, సెలవులో ఉండే చిరునామా రాయలేదని. ఇంట్లోనే కదా ఉంటాను, ఇంకెక్కడుంటాను, ఒళ్ళు కాలిపోతున్న బిడ్డని వదిలి. రికార్డు రూములోకి వెళ్ళి పాత రిజిస్టర్ల మధ్య నిలబడి ఏడ్చాను. సెలవు లేదన్నారనుకున్నాను మరి, ఇరవై నాలుగేళ్ళ దాన్ని, పల్లెటూరి నుంచి వచ్చినదాన్ని, కాగితం వెనక్కొచ్చిందంటే కాదన్నారనే కదా. నీలకంఠం గారు అప్పటి సూపరింటెండెంటు, వెతుక్కుంటూ వచ్చారు, పంచెకట్టు, చేతిలో టీ గ్లాసు, రెండో చేతిలో నా చీటీ. "ఏడుత్తావేటే పిచ్చిపిల్లా. ఇది కాదనడం కాదు, రమ్మనడం. రెండు ముక్కలు రాసి పట్రా. నువ్వు రాకపోతే నానే ఒచ్చి పిలుత్తాను గానీ ఒగ్గీను." ఆ రిజిస్టరు మీదే పెట్టి రాయించి, అక్కడే సంతకం పెట్టి, టీ నాకిచ్చి వెళ్ళారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఎర్రపెన్ను. ఆ టీ గ్లాసు ఎక్కడ పారేసుకున్నానో తెలీదు. పిలవడం అనేది కూడా అందులో ఒక భాగమని, కొర్రీ వేసినవాళ్ళకే ఆ పని ఉంటుందని, ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి నేను పాటించలేదు. రాసిపెట్టినవి మాత్రం ఒక్కటీ వదల్లేదు.

పదకొండైంది. ఎవరో స్ట్రెచరు తోసుకెళ్తున్నారు, కాసులమ్మ లేచి చూసి కూర్చుంది, బెంచీ ఊగింది. ఆ చక్రం ఒకటి రాసుకుంటూ పోతోంది, టక్కు, జర్రు, టక్కు, జర్రు. ఆ చప్పుడు నాకు తెలుసు. మే నుంచి ఆగస్టు దాకా మా లిఫ్టు పాడైపోయి ఉంది. రికార్డు రూము కింద, మేం మూడో అంతస్తులో. ఎల్లాజీ ఫైళ్ళు పట్టుకుని మెట్లెక్కేవాడు, ఎడమ కాలు ముందేసి, కుడికాలు ఈడ్చి పక్కన పెట్టి, మళ్ళీ ఎడమ కాలు. టక్కు, జర్రు. ఆ చప్పుడు వినబడితే ఫైలు వస్తోందని అద్దాలు పెట్టుకునేదాన్ని. ఒక్కసారైనా, ఆ కాలు సంగతి ఏమైందీ అనిపించలేదు. నీలిమ పురిటి సెలవు మీద వెళ్ళింది ఫిబ్రవరి చివర్లో, ఆరు నెలలు, ఆవిడ సీటు పని ఎవరికివ్వాలీ అని ఆఫీసరు అడిగితే, ఎల్లాజీకి ఇచ్చేద్దాం సార్, మిలట్రీ మనిషి, గట్టోడు అన్నాను. ఆ మాట అన్నది నేనే. అప్పుడు అతను గుమ్మంలోనే ఉన్నాడు. రైట్ మేడమ్ అన్నాడు.

ఇంకొకటి కూడా ఉంది. జూన్ పదిహేను. ఆ తేదీ నాకెలా గుర్తుంటుంది, ఆ రోజు నాకేమీ కాలేదు కదా, కానీ ఇప్పుడు ఆ రోజు మొత్తం గుర్తొస్తోంది. మా మూడో అంతస్తు వరండా చివర నుంచి రెండు బిల్డింగుల మధ్య సముద్రం ఒక ముక్క కనబడుతుంది. రెండు నెలలు ఖాళీగా ఉన్న ఆ ముక్కలో ఆ రోజు పొద్దుటినుంచి బోట్లు పోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, జెండాలు కట్టుకుని. ఎల్లాజీ ఫైళ్ళ కట్ట పిట్టగోడ మీద పెట్టి చూస్తున్నాడు. అందులో దాలయ్య బోటు కూడా ఉండుంటుంది, అతని అన్న. ఆకుపచ్చ బోటు అని ఇందాక కాసులమ్మ చెప్పింది. నేను వరండాలోకి వచ్చి, ఏమయ్యా ఎల్లాజీ, బోట్లు లెక్కబెట్టడానికి జీతమిస్తున్నామా అన్నాను. వేళాకోళానికే అన్నాను. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఫైళ్ళు తీసుకున్నాడు, టక్కు, జర్రు, లోపలికి వచ్చాడు. ఛీ. నాలుక కోసుకోవాలి నేను.

పోయిన నెలాఖరున, ఏడాది పూర్తవుతున్న వాళ్ళ సర్వీసు రిజిస్టర్లు తీశాను. ఎల్లాజీది తీస్తే సెలవుల పేజీ తెల్లగా ఉంది. పిలిచి, ఏమయ్యా, ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నావు, సెలవు రాయలేదేంటి అని కసిరాను. నిజంగా కసిరాను, పేజీ నింపలేదని.

"అవనేదు మేడమ్."

"ఎందుకవలేదు?"

"నా వంతు రానేదు కదా మేడమ్."

ఏం వంతు, ఎవరి వంతు, నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, తప్పు చేసిన వాడిలా, నేలచూపులు చూస్తూ. వాళ్ళ యూనిట్లో సెలవుకి అందరూ ఒకేసారి వెళ్ళడానికి లేదట. కొందరు వెళ్ళి తిరిగొస్తే మిగతావాళ్ళు వెళ్ళాలి. కాగితం వెనక్కొచ్చిందంటే, మనకంటే అవసరమున్నవాడు ముందున్నాడని అర్థమట. ఎవడని అడక్కూడదు. అడిగితే వాడి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు. వాడు తిరిగొచ్చాక పేరు పిలుస్తారు. "నీలిమమ్మ గారికి పురుడు కదా మేడమ్. ఆవిడే ముందనుకున్నాను. ఇద్దరం ఎల్లిపోతే సీటు ఎవరు సూత్తారు."

నీలిమ ఆగస్టులో వచ్చేసింది కదయ్యా అన్నాను.

"ఒచ్చీసినారు మేడమ్. అప్పట్నించి పిలుత్తారని సూత్తన్నాను."

అయినా నకలు అడిగాను, అదైనా తెచ్చివ్వలేదేం అన్నాను. ఇంకా తప్పు అతని వైపే ఉండాలని చూస్తున్నాను. ఎల్లాజీ చొక్కా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో నాలుగు మడతల అర్జీ, నా ఎర్రక్షరాలు, దాని వెనక గుండుసూది గుచ్చి డిశ్చార్జి బుక్కు పేజీ నకలు. నకలు మీద తేదీ వేసి సంతకం పెట్టాడు. నేను కొర్రీ వేసిన రోజే. ఆ రోజే కిందకి దిగి జిరాక్సు తీయించి, గుచ్చి, జేబులో పెట్టుకున్నాడు. పిలిచినప్పుడు వెతుక్కోకుండా ఇద్దామని. ఏడు నెలలు, చొక్కా మారినప్పుడల్లా ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకుంటూ, నా బల్ల ముందు రోజుకి నాలుగుసార్లు నిలబడి, ఆ కాగితం నాకు బెత్తెడు దూరంలో ఉంది. సూది తుప్పు పట్టి కాగితం మీద చిన్న మరక పడింది. నా కొలీగులు ఎవరైనా ఇలా చేస్తారా, వాళ్ళకి తెలుసు, గవర్నమెంటు ఆఫీసులో ఎవరూ ఎవరినీ పిలవరు, మనమే వెంటపడాలి. ఆ సంగతి ఆ మనిషికి తెలియదు. అతనున్న యూనిట్లో పేర్లు పిలిచేవాళ్ళుండేవారు. ఇక్కడ కూడా ఉన్నారనుకున్నాడు, అది నేననుకున్నాడు.

గడువుకి ఇంకా తొమ్మిది రోజులు. ఆ నలభై నిమిషాల సంగతి అప్పటిదే.

"ఎల్లాజీ తాలూకా ఎవరండీ?"

నర్సు తలుపు సగం తెరిచి కేకేసింది. కారిడారంతా వినబడింది. ఇంత తేలిక పేరు పిలవడం. కాసులమ్మ, నేనూ ఒకేసారి లేచాం, బెంచీ వెనక్కి వాలి మళ్ళీ నిలబడింది. డాక్టరు బయటికి వచ్చాడు, చిన్నవాడే, టోపీ తీసి నుదురు తుడుచుకుంటున్నాడు. ప్లేటు తీసేశాం, బాగానే ఉన్నాడు, నొప్పి తగ్గిపోతుంది అన్నాడు. నడక బాగుపడుతుంది, మెట్లెక్కుతాడు, కుర్చీలో మామూలుగా కూర్చుంటాడు.

"పడవెక్కొచ్చా బాబూ?" అంది కాసులమ్మ.

"ఎక్కి నిలబడితే ఏమోగానీ, గొంతుక్కూర్చుని చేసే పని మాత్రం కుదరదమ్మా. అంత వంగదు ఇక."

"గొంతుక్కూకోకపోతే వల్లోంచి సేపెలా తీత్తాడు?" డాక్టరుని కాదు, తననే అడుక్కుంటున్నట్టు అంది. డాక్టరు నా వైపు చూశాడు, చదువుకున్నదానిలా కనబడ్డానేమో. ఫిబ్రవరిలోనే రమ్మన్నాం, అప్పుడైతే పూర్తిగా వంగేది, కీలు ఇంత బిగుసుకునేది కాదు, అప్పుడు సెలవు దొరకలేదని ఇతను చెప్పాడు, అన్నాడు. గంటలో వార్డుకి మారుస్తాం, ఈలోగా ఒక్కరొచ్చి చూసెళ్ళొచ్చు అని వెళ్ళిపోయాడు.

కాసులమ్మ నా వైపు తిరిగింది. కోపం ముంచుకొచ్చింది ముఖంలోకి, నా మీద కాదు ఇంకా. "ఎవలమ్మా అప్పుడు సెలవియ్యనోల్లు? ఏ ముదనష్టపోల్లు? నువ్వు నేవా అప్పుడు ఆఫీసులో?"

లేనని చెప్పొచ్చు. ఊళ్ళో లేనని, వేరే సీట్లో ఉన్నానని. ఎల్లాజీ చెప్పడు, ఈ జన్మకి చెప్పడు, ఇన్నాళ్ళూ చెప్పలేదు కదా. ఈవిడ ఆశీర్వాదం, ఈ నెత్తళ్ళ పొట్లం, బస్సులో ఇంటికి తీసుకెళ్ళి వేయించుకుని తినొచ్చు.

"నేనేనమ్మా. ఆ కాగితం వెనక్కిచ్చింది నేనే. ఒక జిరాక్సు లేదని."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. జిరాక్సు అంటే తెలుసు, రేషను కార్డుకీ ఆధారుకీ ఎన్ని తీయించి ఉంటుంది. ఆ ఒక్క కాగితానికీ, లోపల పడుకున్న కొడుకు కాలుకీ మధ్య ఏముందో వెతుక్కుంటోంది. చెప్పాను. అంతా చెప్పాను, అతను అదే రోజు తీయించి జేబులో పెట్టుకున్నాడనీ, పిలుస్తానని చూశాడనీ, నేను పిలవలేదనీ, నాకు గుర్తే లేదనీ. తలుపుకి ఆనుకుని విన్నది. తిడుతుందనుకున్నాను. పూర్ణా మార్కెట్‌లో గొంతు చేసుకుని బతికిన మనిషి, ఒక్క కేకేస్తే ఆసుపత్రి లేచి వస్తుంది. గొంతు తగ్గించి అడిగింది.

"అయితే ఒక్కపాలి పిలిస్తే అయిపోయేదా?"

"అయిపోయేదమ్మా."

పొట్లం చాపాను, ఇది నేనుంచుకోనమ్మా అని. దాని వైపు చూసింది. "ఇచ్చింది ఎనక్కి తీసుకోను," అంది. అంతే, ఉంచుకో అని కూడా అనలేదు. వెళ్ళి బెంచీ అవతల చివర కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. లోపలికి వెళ్ళండమ్మా, ఎవరో ఒకరు అని నర్సు మళ్ళీ అంది. కాసులమ్మ చెయ్యూపింది, నువ్వే పో అన్నట్టు. ఆ కళ్ళతో కొడుకు ముందుకి వెళ్ళలేదు. క్షమించింది అనుకోవడానికి నాకు ధైర్యం లేదు, ఇప్పటికీ లేదు.

లోపల మూడు మంచాలు. ఎల్లాజీ కిటికీ వైపు మంచం మీద ఉన్నాడు. కాలికి తొడ నుంచి కట్టు, చేతులు రెండూ పక్కకి, అనుకున్నట్టే. నన్ను చూడగానే లేవబోయాడు, నడుము కింద అతనిది కాదుగా, తల మాత్రం లేచింది. పడుకో, పడుకో అన్నాను. ఏం చెప్పాలో గుమ్మం దాటేలోపు అనుకున్నాను, మీ అమ్మతో చెప్పేశానయ్యా అనాలి, మోకాలు సంగతి డాక్టరు చెప్పాడా అనాలి, క్షమించమని అడగాలి, యాభై ఆరేళ్ళొచ్చి ఒక రికార్డు అసిస్టెంటుని క్షమాపణ అడగడం ఎలాగో కూడా బస్సులో తలపోసుకున్నాను. ఒక్కటీ రాలేదు. నొప్పిగా ఉందా అన్నాను.

"నేదు మేడమ్. వంగదు అన్నారు. ఫరవానేదు." పెదాలు ఎండిపోయి ఉన్నాయి, గొంతు ముద్దగా వస్తోంది. "మేడమ్, నా తరవాత ఎవరు?"

"ఎవరేంటి?"

"సెలవుకి. నాను ఎప్పుడు తిరిగొస్తే ఆల్లు ఎల్తారు? తొందరగా ఒచ్చేత్తాను."

"ఎవరూ లేరు ఎల్లాజీ. ఇక్కడ అలాంటి వరస లేదయ్యా. నీ సెలవు నీదే. నెమ్మదిగా రా."

నా మాట నమ్మలేదు. పెద్దవాళ్ళు మొహమాటానికి అన్న మాట విన్నట్టు, కాస్త నవ్వాడు.

"ఎవలో ఒకలుంటారు మేడమ్. అడగరు గానీ ఉంటారు. ఓపాలి పిలిచి సూడండి."

అతని చొక్కా మంచం చివర కడ్డీకి తగిలించి ఉంది. జేబు ఖాళీగా ఉంది. ఏడు నెలల మడతల వల్ల కాబోలు, కాగితం లేకపోయినా గుడ్డ మీద చతురస్రంగా అచ్చు పడి ఉంది. నీళ్ళు కావాలా అని అడిగాను, ఇప్పుడే ఇవ్వకూడదంది నర్సు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను.

"రైట్ ఎల్లాజీ," అన్నాను.